పన్నెండు కర్బనాలు

మార్చి 9, ఆదివారం

జనవరి 19 కూడా ఆదివారమే. ఆ రోజు జరిగింది జరిగినట్టు ఒకసారి రాసి పెట్టుకోవాలి. ఇవాళ విమానంలో గుర్తు చేసుకుంటే వరస తప్పింది.

ఏడింటికి లేచాం. మిషిగన్‌లో, మా ట్రాయ్‌లో ఆ పొద్దున మైనస్ పదమూడు. కాఫీ నేను కలిపాను. కొబ్బరినూనె సీసా గడ్డకట్టిందని ప్రసూన దాన్ని హీటర్ పక్కన పెట్టింది. అంబాజీపేట నుంచి వాళ్ళక్క గానుగ ఆడించి పంపే నూనె. అది కరిగాక తలకు పట్టించుకుంది. తొమ్మిదిన్నరకి తలస్నానం చేస్తానంది. నేను డైనింగ్ టేబుల్ మీద వాల్వ్ డ్రాయింగ్ పరుచుకుని కూర్చున్నాను.

"ఏవండీ, నా టోపీ ఏదీ?" అంది.

"హుక్కుకే ఉంది," అన్నాను. తలెత్తలేదు.

టోపీ పెట్టుకుని, మెట్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లాలని బయటికి వెళ్ళింది. నేను చూసుకునేసరికి ఇరవై నిమిషాలైంది. తలుపు తీశాను. పై మెట్టు మీద కూర్చుని రెయిలింగ్‌కు ఆనుకుని ఉంది. ఉప్పు డబ్బా ఒళ్ళో ఉంది. ఇంత చలిలో కూర్చున్నావేంటి అని కొంచెం విసుక్కున్నాను కూడా.

అంబులెన్స్ ఎనిమిది నిమిషాల్లో వచ్చింది. ఆసుపత్రిలో వాళ్ళు రాసిన టైము 9:52. గుండె అన్నారు. నర్సు ఆమె వస్తువులు జిప్ సంచిలో పెట్టి ఇచ్చింది. గాజులు, కళ్ళద్దాలు, టోపీ. ఒక చోట సంతకం పెట్టాను. మా అమ్మాయి భవిత సాయంత్రానికి టెక్సాస్‌లో కాపెల్ నుంచి వచ్చింది.

ఇంతే. ఇందులో ఏదీ మార్చకూడదు.

మార్చి 10, సోమవారం

మొహావీ ఎడారి. మోటెల్ నుంచి పని చోటుకి నలభై నిమిషాల డ్రైవ్. ఎప్పుడో ఎండిపోయిన సరస్సు. కనుచూపు మేర తెల్లటి ఉప్పు పొర, దాని కింద మట్టి.

ఇరవై రెండేళ్ళు కార్ల ఇంజెక్టర్లకు వాల్వులు చేశాను. ఇప్పుడు వేరే గ్రహానికి వెళ్ళే యంత్రానికి, అక్కడి మట్టిని నోట్లోకి తీసుకునే వాల్వు చేశాను. యంత్రం మిగతా భాగం మా టీమ్ లీడర్ రూత్ లాబ్‌ది. మట్టిలో ప్రాణి జాడ ఉందో లేదో చెప్పాలి అది. ఇక్కడ చెప్పలేకపోతే ఎక్కడికీ వెళ్ళదు.

పని పంపకం ఇలా ఉంది. గొయ్యి తవ్వి, చెంచాతో మట్టి తీసి, కప్పులో వేసేది నేను. ఆ కప్పును టెంట్‌లోకి తీసుకెళ్ళి యంత్రంలో పెట్టేది దేదీప్య. కరీంనగర్ అమ్మాయి, ఇక్కడే పీహెచ్‌డీ చేసింది, కొవ్వు ఆమ్లాల కెమిస్ట్రీ ఆమెది. మేం తవ్వేచోటు చుట్టూ తాడు కట్టి ఉంటుంది. లోపలికి వెళ్ళాలంటే తెల్ల సూటు, గ్లవ్స్, మాస్కు. ఒంటికి క్రీములు, నూనెలు ఉండకూడదు. సూటు కింద లాబ్ ఇచ్చిన దుస్తులు తప్ప సొంతవి ఉండకూడదు. ఆ శుభ్రత నియమాలు రాసింది నేనే.

"మూడు వారాలాయె అంకుల్ తలకు నూనె పెట్టక," అంది దేదీప్య. "మా అమ్మ వీడియో కాల్‌ల చూసి, ఏందే ఆ గడ్డివాము అంటున్నది."

"రూల్ రూలే."

"రాసినోళ్ళు మీరే కదా. మీకేం, నెత్తి మీద నాలుగు వెంట్రుకలు."

నవ్వొచ్చింది.

ప్రతి సోమవారం మట్టికి బదులు కాల్చిన ఇసుక పెడతాం, అదీ నేనే చెంచాతో కప్పులో వేస్తాను. దాన్ని బ్లాంక్ అంటారు. అందులో ఏమీ కనిపించకూడదు. ఇవాళ ఏమీ కనిపించలేదు.

మార్చి 11, మంగళవారం

పొద్దున నాలుగు డిగ్రీలు. గాలి. చెవులు నొప్పి. జిప్ సంచి తెరిచాను. హుడ్ కింద ప్రసూన టోపీ పెట్టుకున్నాను. ఉన్ని టోపీ, బిగుతుగా ఉంది. బయటికి కనిపించదు. హుడ్ బిగించి ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు.

మార్చి 12, బుధవారం

నాలుగింటికి నిన్నటి గొయ్యి రిజల్ట్ వచ్చింది. రూత్ సంతోషంతో కేక పెట్టింది.

దేదీప్య నాకు చెప్పిన పాఠం: కొవ్వు ఆమ్లాలను ప్రాణులు రెండేసి కర్బనాలు చేర్చుకుంటూ కట్టుకుంటాయి. అందుకని సరి సంఖ్యలే ఎక్కువ. పద్నాలుగు, పదహారు, పద్దెనిమిది. రాళ్ళకు ఆ అలవాటు లేదు, వాటిలో సరీ బేసీ సమానంగా ఉంటాయి. తెరమీద సరి సంఖ్యల దగ్గర మాత్రమే గీత లేస్తే, అక్కడ ఏదో బతికింది.

ఇవాళ సరి సంఖ్యల దగ్గర మాత్రమే లేచింది.

"ట్వెల్వ్ జర ఎక్కువుంది," అంది దేదీప్య. "మట్టిల ఇట్ల రాదు. కానీ ఉప్పుల బతికే బాక్టీరియా కదా, ఏమో."

"ఏమో," అన్నాను.

హుడ్ రెండుసార్లు సర్దుకున్నాను. నియమం ప్రకారం ముఖానికి, తలకు చెయ్యి తగిలితే గ్లవ్స్ మార్చాలి. ఒకసారి మార్చాను.

మార్చి 13, గురువారం

ఇవాళ కూడా వచ్చింది.

మార్చి 14, శుక్రవారం

నాలుగుకి పది నిమిషాల ముందే టెంట్‌లోకి వెళ్ళి నిలబడుతున్నాను. తెర మీద గీత ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. ఎనిమిది దగ్గర చిన్నగా లేస్తుంది. పది దగ్గర ఇంకాస్త. పన్నెండు దగ్గరికి వచ్చి నిటారుగా పైకి పోతుంది. పద్నాలుగు దానిలో సగం కూడా ఉండదు.

"మళ్ళీ ఒకసారి వెయ్యమ్మా," అన్నాను.

"ఫైల్ అదే కదా అంకుల్. మళ్ళా వేస్తే మారుతదా?"

"వాల్వ్ టైమింగ్ చూసుకోవాలి."

వేసింది. చూశాను. వాల్వ్ టైమింగ్ చూడలేదు.

మోటెల్‌కి వచ్చి పన్నెండుకీ పద్నాలుగుకీ నిష్పత్తి వేశాను. రెండున్నర. ఫోన్‌లో వెతికాను. కొబ్బరినూనెలోనూ రెండున్నరే. ఒక సంఖ్య ఇంకో సంఖ్యతో కలవడం ఎన్నో చోట్ల జరుగుతుంది.

ఇంట్లో ఆ సీసా ఇంకా హీటర్ పక్కనే ఉంది. ఏటా మే నెల దాకా అక్కడే ఉండేది. కరిగిందా అని ప్రసూన సీసాను తలకిందులు చేసి చూసేది. మధ్యలో తెల్ల ముద్ద కదిలితే, ఇంకో పావుగంట అనేది. నన్ను రాయమనేది, వెనకవైపు చెయ్యి అందక. నేను తొందరగా రాసేసి వెళ్ళిపోయేవాణ్ణి. ఇప్పుడైతే ఎంతసేపైనా రాస్తాను.

మార్చి 15, శనివారం

సెలవు. భవిత ఫోన్ చేసింది.

"నాన్నా, తిన్నావా? సన్‌స్క్రీన్ పెట్టుకో."

"పెట్టుకోకూడదమ్మా ఇక్కడ."

"ఓ. ఓకే. నాన్నా, అమ్మ శారీస్ నేను తీసుకుంటాను. కోట్స్ డొనేట్ చేద్దాం. అమ్మ మరూన్ హ్యాట్ ఉంది కదా, అది ఎక్కడ? ఫిబ్రవరిలో క్లోజెట్ అంతా చూశాను. లేదు."

"తెలీదమ్మా."

"నాకు అది ఒకటే కావాలి. నువ్వు ఫైండ్ చేస్తే దాచిపెట్టు, ఓకే?"

సరే అన్నాను. టోపీ అప్పుడు నా మోకాలి మీద ఉంది.

మార్చి 16, ఆదివారం

ఎనిమిది వారాలు.

మార్చి 17, సోమవారం

బ్లాంక్‌లో పన్నెండు వచ్చింది.

కాల్చిన ఇసుకలో. ఏమీ ఉండకూడని దాంట్లో. కింది తెరలో పోయిన వారం గీత, పై తెరలో ఇవాళ్టి గీత. రెండూ ఒకటే మనిషి సంతకంలా ఉన్నాయి. అంటే పోయిన వారం వచ్చిందంతా మట్టిది కాదు, మాది.

రూత్ మంచి మనిషి. గొంతు పెంచదు. కుర్చీ దగ్గరికి లాక్కుని దేదీప్యను అడిగింది.

"తప్పుగా అనుకోవద్దు. అడగక తప్పదు. నువ్వు తలకు కొబ్బరినూనె రాసుకుంటావా?"

"రాసుకునేదాన్ని. ఇక్కడికి వచ్చేముందే మానేశాను. ఇప్పటికి నెల."

"దిండు గలీబు? స్కార్ఫ్? దువ్వెన?"

"అన్నీ కొత్తవి. రూల్ చదివాక కొన్నాను."

"నీ జుట్టు చాలా పొడవు."

"అవును," అంది దేదీప్య. నడుము దాకా ఉంటుంది ఆ జడ. చుట్టి హుడ్‌లో కుక్కుకోవడానికి రోజూ ఐదు నిమిషాలు పడుతుంది ఆమెకు.

రూత్ నన్ను అడగలేదు. నా తల ఆమెకు తెలుసు. నేను సూటులోనే ఉన్నాను, హుడ్ తీయలేదు.

బయటికి వచ్చాక దేదీప్య కారు దగ్గర నా ముందు తల వంచింది. "అంకుల్, మీరు చెప్పుండ్రి. వాసన ఏమన్న వస్తున్నదా?"

"లేదమ్మా," అన్నాను. అది నిజం.

"మరి ఎట్ల? జూన్‌ల నా కాంట్రాక్ట్ అయిపోతది. రూత్ రెన్యూ చేస్తేనే హెచ్‌వన్ వీసా. ఈ రిపోర్ట్‌ల నా పేరు ఇట్ల వస్తే ఎవరు చేస్తరు?" అని, నేనేమీ అనకముందే, "ఇదంతా మా అమ్మ తప్పు. పుట్టినప్పటి నుంచి పోసింది కదా, ఎముకల్లకు ఎక్కింది," అని నవ్వడానికి ప్రయత్నించింది.

రేపు ఇంకో బ్లాంక్ పెడతారు.

మార్చి 18, మంగళవారం

టిఫిన్ దగ్గరికి దేదీప్య జుట్టు కత్తిరించుకుని వచ్చింది. మెడ దాకా కూడా లేదు. మోటెల్ బాత్రూంలో తనే చేసుకుందట. వెనకాల ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి.

"ఎట్లుందో చెప్పకుండ్రి అంకుల్. అద్దం ఉంది నా దగ్గర."

"ఎందుకమ్మా?"

"ఉంటే డౌట్ ఉంటది. లేకుంటే లేదు."

ఎదురుగా కూర్చుని టోస్ట్ తింది. నేనూ తిన్నాను.

ఇవాళ ఎండ ఎక్కువ ఉంటుందన్నారు. టోపీ పెట్టుకోలేదు. మోటెల్‌లో కొత్త సబ్బుతో తల రెండుసార్లు కడుక్కుని వెళ్ళాను. రోజూ కడుక్కుంటాను.

బ్లాంక్ శుభ్రంగా వచ్చింది. పన్నెండు దగ్గర గీత నేలకు అంటుకుని పోయింది. ఎనిమిది, పది, పన్నెండు, పద్నాలుగు, అన్నీ ఒకటే నేల. చివరిదాకా చూశాను. ఏమీ లేకపోవడం ఇంత సాఫీగా ఉంటుందని అనుకోలేదు.

రూత్ దేదీప్య భుజం మీద చెయ్యి వేసి, "కనీసం ఇప్పుడు తెలిసింది," అంది.

దేదీప్య తెర వంక చూస్తూనే ఉంది.

మార్చి 19, బుధవారం

రూత్ నిర్ణయం: పోయిన వారం ఫలితాలన్నీ కొట్టివేత. రిపోర్టులో కాలుష్యానికి కారణం, సిబ్బంది జుట్టు. దేదీప్య పేరు పెట్టాలి, నియమం. శుక్రవారం ఫ్లైట్‌కి ఆమె వెనక్కి. మిగతా వారం రూత్ తనే యంత్రం నడుపుతుంది.

తిరుగు దారిలో కారు నేను నడిపాను. దేదీప్య పక్క సీట్లో ఉంది.

"నేనే అయ్యుంట అంకుల్."

"నువ్వు మానేశానన్నావుగా."

"మానేసిన. అయినా ఉంటదేమో లోపల. ఇరవై తొమ్మిదేండ్లు పెట్టినం కదా. సైన్స్ ప్రకారం ఉండొద్దు. కానీ జుట్టు తీసినంక పోయింది, డేటా అదే చెప్తున్నది. డేటా కాదంటే ఇంక నేనేం కెమిస్ట్‌ను? అమ్మకు ఇంకా చూపించలే తల. ఫోన్ ఎత్తుతలేను," అంది.

నేను అబద్ధం చెప్పలేదు. నన్ను ఎవరూ అడగలేదు.

పై రెండు వాక్యాలూ కొట్టేయాలి. కొట్టేస్తే అక్కడేముందో నాకే తెలియకుండా పోతుందని ఉంచుతున్నాను.

చలికి పెట్టుకున్నానని రాశాను 11న. ఆ రోజు తొమ్మిదింటికే ఎండ వచ్చింది. మధ్యాహ్నం ఇరవై ఆరు డిగ్రీలు. తీయలేదు. వేడికి నూనె కరిగి చెవుల వెనకకు దిగేది. వాసన వచ్చేది. తొమ్మిదిన్నరకు స్నానం చేస్తానన్న తల వాసన. అందుకు పెట్టుకున్నాను. నాలుగింటికి యంత్రం కూడా ఔననేది. ఒక వారం పాటు రోజూ ఒక యంత్రం ఆమె ఉందని నాకు చెప్పింది. అది ఆగిపోకూడదని ఊరుకున్నాను.

ఆమె ఉందని చెప్పించుకోవడానికి ఆ పిల్ల జడ పోయింది.

మార్చి 20, గురువారం

పొద్దున టెంట్‌లో జిప్ సంచి బల్ల మీద పెట్టాను. చెప్పాను. రాసుకుని వెళ్ళాను, చూడకుండానే చెప్పగలిగాను.

రూత్ సంచిని ముట్టుకోలేదు. "ఎప్పటి నుంచి?"

"పదకొండు నుంచి పదిహేడు దాకా. పనిచేసిన ప్రతిరోజూ."

"పద్దెనిమిదిన?"

"పెట్టుకోలేదు."

"ఎందుకు పెట్టుకోలేదు?"

ఇది అడుగుతుందని రాత్రే అనుకున్నాను. దీనికి మాత్రం ఏమీ రాసుకోలేదు.

"బయటపడుతుందని," అన్నాను.

అప్పుడు దేదీప్య తెలుగులో అడిగింది. "నా జుట్టు చూసినంక కూడనా?"

"అవునమ్మా."

"నా ముంగట కూసోని టిఫిన్ తిన్నరు మీరు."

"తిన్నాను."

"నిన్న కార్‌ల నేనే అయ్యుంట అన్న. ఒక్క మాట అనలే మీరు. నలభై నిమిషాలు! అంకుల్ అని పిలిచిన కదా నేను. ఆంటీ పోయిందని తెలిసి, మీరు భోంచేసిండ్రో లేదో అని రోజు అడిగిన కదా."

రూత్‌కి భాష రాదు. అయినా తల దించుకుంది.

నాకు అనడానికి ఉన్నవన్నీ నా గురించినవే.

మాట చాలదు, నిరూపణ కావాలంది రూత్. కెమిస్ట్ దేదీప్యే కాబట్టి తనే చేసింది. గ్లవ్స్ వేసుకుని, టోపీ లోపలి అంచు దగ్గర గోరంత ముక్క కత్తిరించి సీసాలో వేసింది. ఆ కత్తెర చప్పుడు చాలా చిన్నది. మధ్యాహ్నానికి గీత వచ్చింది. ఎనిమిది, పది, పన్నెండు. పన్నెండుకీ పద్నాలుగుకీ రెండున్నర. పోయిన వారం గీత మీద దీన్ని పెడితే ఎక్కడా పక్కకి జరగలేదు.

"మ్యాచ్," అంది రూత్‌తో.

కాలుష్యానికి మూలం దొరికితే ఆ వస్తువు మొత్తం సీలు వేసి డేటాతో పాటు భద్రపరచాలి. తిరిగి ఇవ్వకూడదు. అదీ నేను రాసిన నియమమే. కాల్చిన అల్యూమినియం రేకు పరిచి దేదీప్య టోపీని దాని మధ్యలో పెట్టింది. రెండు వైపులా మడిచి ఆగింది. నా వైపు చూడలేదు.

"ఒకసారి దగ్గర పెట్టుకుంటరా? మాస్క్ తీసి?"

వద్దన్నాను. సీలుకు ముందు ముఖం దగ్గరికి తీసుకుంటే శాంపిల్ పాడవుతుంది.

మూడో వైపు మడిచింది. నాలుగో వైపు మడిచింది. నంబరు వేసింది.

రిపోర్టులో పేరు మారింది. దేదీప్య శుక్రవారం ఫ్లైట్ రూత్ కాన్సిల్ చేసింది. కాంట్రాక్ట్ గురించి నేను అడగలేదు, అడిగే హక్కు లేదు. బయటికి వస్తుంటే రూత్ తనే అంది, రెన్యూవల్ కాగితాల మీద సోమవారం సంతకం పెడతానని. నా కంపెనీకి కూడా ఆమే రాస్తుంది. ఈ ట్రిప్‌లో నేను ఇక తాడు దాటకూడదు.

భవితకు ఫోన్ చేసి చెప్పాను. శనివారం అబద్ధం చెప్పానని, టోపీ ఎక్కడికి పోయిందో, ఎందుకు పోయిందో.

"నంబర్ ఏంటి నాన్నా?" అంది.

చెప్పాను. రాసుకుంది. మళ్ళీ చదివి వినిపించింది, సరిగ్గా ఉందా అని.

రేపు కొత్త గొయ్యి. దేదీప్య తవ్వుతుంది, రూత్ యంత్రం దగ్గర ఉంటుంది. తాడు బయట నిలబడి చెక్‌లిస్ట్ పైకి చదవడానికి ఒక మనిషి కావాలి. చదివిన ప్రతి అంశానికీ లోపలివాళ్ళు పైకి ఓకే అనాలి, అప్పుడే తర్వాతి అంశం. ఆ పని నాకివ్వనా అని రూత్ దేదీప్యను అడిగింది. దేదీప్య భుజాలెగరేసింది. కాదనలేదు. పొద్దుటి నుంచి ఆమె నాతో మాట్లాడిన ఆఖరి మాట మాస్క్ గురించే.

రేపు పొద్దున ఆరింటికి తాడుకు ఇవతల, గాలికి దిగువన, అరవై అడుగుల దూరంలో నిలబడతాను. మొదటి అంశం చదువుతాను. ఆమె జవాబివ్వకపోతే మళ్ళీ చదువుతాను.